ఉప్పు ఆవిరైపోదు

అచ్చుకూటం మేడ మీది గది
ఎండలు ముదరక ముందు

పిన్నికి,

కుశల ప్రశ్నలు తర్వాత. ముందు ఒక్కదానికి సూటిగా జవాబు చెప్పు. నువ్వు పనిచేసే చేపల ప్రదర్శనశాలను మూసేస్తున్నారన్న సంగతి నా దగ్గర ఎందుకు దాచావు?

నాకెలా తెలిసిందని ఆశ్చర్యపోకు. మూసివేత నోటీసు మా అచ్చుకూటంలోనే అచ్చయింది. కట్టలు కట్టింది నేనే. వానాకాలం రాగానే ఖాళీ చేసి ఆ భవనాన్ని కార్లు నిలుపుకోవడానికి ఇచ్చేస్తారట. నువ్వు ఇన్నేళ్ళు బకెట్లతో సముద్రాన్ని మోసిన చోట ఎవడో కారు పెట్టి, తాళం చెవి వేలికి తిప్పుకుంటూ వెళ్ళిపోతాడు! కట్ట మీద తాడు బిగిస్తుంటే ఆ తాడు వాళ్ళ మెడకే బిగిస్తున్నట్టు బిగించాను. మా ఓనరు, "కాగితం చిరుగుతుందయ్యా, దాని మీద ఎందుకు నీ కసి" అన్నాడు.

నోటీసు అడుగున ఏ జీవి ఎక్కడికి పోతుందో రాశారు. సొరచేపలను ఎవరో తీసుకుంటున్నారు. తాబేళ్ళను తీసుకుంటున్నారు. సముద్రపు గుర్రాల జంట దగ్గర మాత్రం, "ఇంకా నిర్ణయం కాలేదు" అని ఉంది.

నాకివ్వు. ఆ జంటను నాకివ్వు.

అవి గాజు తొట్టిలోనే పుట్టాయని, సముద్రంలో వదిలితే ఒక్క రోజు కూడా బతకవని నువ్వే ఒకసారి చెప్పావు. అంటే అవి శరణార్థులు. శరణార్థులకు కావలసింది డబ్బున్నవాడి వరండా కాదు, వాళ్ళ బాధ తెలిసినవాడి గది. "బందీ సముద్రాలు" అనే కరపత్రాలు నాలుగు భాగాలూ నేనే మడతపెట్టాను, మడతపెడుతూ చదివాను, చదివాక నిద్రపోలేదు. మూతపడ్డ పళ్ళ డాక్టరు క్లినిక్కులో ఉన్న గాజు తొట్టిని ఇప్పటికే నా గదికి చేర్చాను. ఇక నువ్వు ఊ అనడమే తరువాయి.

నీ అక్క కొడుకు

*

ప్రదర్శనశాల వెనక గది, పంపుల పక్కన

ఒరే పిడుగూ,

నీ ఉత్తరం పట్టుకుంటే చెయ్యి కాలింది.

నేను దాచలేదు, చెప్పలేదు. రెంటికీ తేడా ఉంది. చెప్తే నువ్వు ఇలాగే రాస్తావని తెలుసు కాబట్టి చెప్పలేదు.

జవాబు: ఇవ్వను. ఇప్పుడు ఇవ్వను. అసలు నీకు కావలసింది గుర్రాలా, కార్లవాళ్ళ మీద గెలుపా? అది నాకింకా తేలలేదు. నీకు తేలిందని కూడా అనుకోను.

సముద్రపు గుర్రానికి కడుపు ఉండదురా. తిట్టు కాదు, నిజంగానే ఉండదు. తిన్నది తిన్నట్టే దిగిపోతుంది. అందుకని రోజుకు మూడు పూటలా, ఇంత సన్న రొయ్యపిల్లలను నోటి ముందుకు తీసుకెళ్ళి, అది చూసి, ఆలోచించి, మనసు పడి తినేదాకా నిలబడాలి. పక్కన చురుకైన చేప ఒక్కటి ఉన్నా దీనికి ముక్క దక్కదు. ఇంకో సంగతి. అది చచ్చిపోతున్నప్పుడు కూడా అందంగానే ఉంటుంది. చూసేవాడికి తెలియదు. తెలిసేసరికి తోక పట్టు వదిలేసి అడుగున పడి ఉంటుంది.

నీకు నిజంగా పట్టుదల ఉంటే చెప్తా విను. తొట్టిలో ఉప్పు కలిపిన నీళ్ళు పొయ్యి. రాళ్ళు, ఇసుక వెయ్యి. ఒక పచ్చి రొయ్యను అందులో పడేసి కుళ్ళనియ్యి. అంతే. చేప లేదు, గుర్రం లేదు. నీళ్ళలో విషం పెరుగుతుంది, తర్వాత తగ్గుతుంది. పూర్తిగా తగ్గాక మొండి చేపలు రెండు తెచ్చుకో, జోకరు చేపలు అంటారే, నారింజ రంగు మీద తెల్ల పట్టీలుండేవి. వాటితో ఎండాకాలం దాటు. నెల నెలా ఉప్పు ఎంత, వేడి ఎంత, విషం ఎంత కొలిచి నాకు రాయి. మూసేరోజు లోపల ఒక మాట చెప్తాను. అది ఏ మాటో ఇప్పుడే అడక్కు.

పిన్ని

*

అచ్చుకూటం మేడ మీది గది
ఎండలు ముదురుతున్నాయి

పిన్నికి,

రొయ్య కుళ్ళింది. నీ ఆజ్ఞ ప్రకారం.

అది కుళ్ళుతున్న రోజుల్లో కింద నుంచి ఓనరు ఎక్కి వచ్చాడు. ముక్కు మీద రుమాలు.

"ఏమయ్యా, ఎవరు పోయారు పైన?"

"రొయ్య సార్."

"పోయి ఎన్నాళ్ళయింది?"

"పోయింది ఎప్పుడో సార్. కుళ్ళడమే ఇంకా పూర్తి కాలేదు."

"పూర్తయ్యాక ఏం చేస్తావు?"

"చేపలు తెస్తాను సార్."

ఆయన నన్ను, తొట్టిని, మళ్ళీ నన్ను చూసి దిగిపోయాడు. మర్నాటి నుంచి కంపోజింగు వాళ్ళు నన్ను "రొయ్యగారూ" అంటున్నారు. వట్టి నీళ్ళకు లైటు వేసుకుని ఎదురుగా కూర్చునేవాడిని ఇంకేమంటారు?

మనసులో ఉన్నది రాస్తున్నాను, కోపం తెచ్చుకో. "అనుభవం" అన్న మాట మీద నాకు నమ్మకం తక్కువ. లోపలున్నవాళ్ళు బయటివాళ్ళను ఆపడానికి కట్టుకున్న గోడ అది. అనుభవం లేదు కాబట్టి ఇవ్వం, ఇవ్వం కాబట్టి అనుభవం రాదు. అన్ని ఆఫీసుల గుమ్మాల్లోనూ ఇదే పాట. కారణం చెప్పకుండా చెయ్యమన్న ప్రతి పనినీ నిలదీయాలని నేను చదివాను, నమ్ముతున్నాను. రొయ్య సంగతి నిలదీయలేదు, ఎందుకంటే విషం పెరిగి తగ్గడం నా కళ్ళతో చూశాను. విషం కొలిచే గాజు గొట్టంలో మందు చుక్కలు వేస్తే నీళ్ళు ఆకుపచ్చగా మారాయి, వారాలు గడిచాక పసుపుకు దిగాయి. నిజం చెప్పాలంటే ఆ పసుపు చూసి గదిలో ఒక్కడినే కేక పెట్టాను.

ఇప్పుడు ఇసుక మీద, రాళ్ళ మీద గోధుమరంగు మురికి పట్టింది. అసహ్యంగా ఉంది. ఇది కూడా నీ పరీక్షేనా? ఇంకెవరైనా ఆ గుర్రాలను అడుగుతున్నారా? ఈ ప్రశ్నకు మాత్రం తప్పించుకోకు.

రొయ్యగారు

*

ప్రదర్శనశాల వెనక గది

రొయ్యగారికి,

ఆ గోధుమరంగును గోకకు. తొట్టి కొత్తది కాబట్టి పట్టింది, దానంతట అదే పోతుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళంతా అక్కడే కంగారుపడి మొత్తం కడిగేసి, మళ్ళీ మొదటికి వస్తారు.

విషం తగ్గింది కాబట్టి జోకరు చేపలు రెండు తెచ్చుకో. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది చూసుకో. ఎండలకు తొట్టిలో నీళ్ళు రోజూ తగ్గుతాయి. తగ్గినంత మేర శుద్ధి చేసిన మామూలు మంచినీళ్ళు పొయ్యి. ఉప్పు నీళ్ళు పొయ్యకు. మరిచిపోకు.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. సొరచేపలను పెట్టెల్లోకి ఎక్కిస్తున్నాం. ఉంటాను.

పిన్ని

*

అచ్చుకూటం మేడ మీది గది
ఎండలు మండిపోతున్నాయి

పిన్నికి,

నేను అడిగిన ప్రశ్నకు నీ ఉత్తరంలో జవాబు లేదు. సొరచేపల పెట్టెల గురించి ఉంది. అంటే ఎవరో అడుగుతున్నారన్నమాట.

సరే. నా వైపు నుంచి అన్నీ సక్రమంగా ఉన్నాయి. జోకర్లు వచ్చాయి. పెద్దది ఈ గది తనదే అన్నట్టు తిరుగుతుంది. చిన్నది ఎదురుపడితే చాలు, పక్కకు ఒరిగి గజగజ వణుకుతుంది. ఈ పెత్తనం చూస్తే నాకు పుండు మీద కారం చల్లినట్టుంది. రెండిటికీ వేరు వేరు మూలల్లో తిండి వేసి సమానత్వం తేవాలని చూశాను. పెద్దది రెండు మూలలకూ పోయి తిన్నది. చిన్నది రాయి వెనక నుంచి చూస్తూ ఊరుకున్నది. వర్గపోరాటానికి చేపల్లో ఇంకా టైముంది.

ఉప్పు సరిగ్గా ఉంది. వేడి సరిగ్గా ఉంది. విషం లేదు. అంకెలు పక్క కాగితంలో.

నీ అక్క కొడుకు

*

ప్రదర్శనశాల వెనక గది

ఒరే,

ఆ చిన్నదాన్ని దాని మానాన వదిలెయ్యి. అది లొంగిపోవడం కాదు, కాపురం. ఆ చేపల్లో పెద్దది ఆడది. అది ఉన్నన్నాళ్ళూ చిన్నది మగదిగానే ఉండి తల వంచుతుంది. ఇద్దరికీ అందులో గొడవేం లేదు. మధ్యలో నీదే గొడవ.

నీ అంకెలు చూశాను. బాగున్నాయి. మరీ బాగున్నాయి. తర్వాతి నెలవి కూడా పంపు.

తగ్గిన నీళ్ళ చోట ఏం పోస్తున్నావు? రాయలేదు.

పిన్ని

*

అచ్చుకూటం మేడ మీది గది
ఎండాకాలం చివర

పిన్నికి,

ఏం పొయ్యాలో అదే పోస్తున్నాను.

మరీ బాగున్నాయి అంటే ఏమిటి అర్థం? బాగుంటే అనుమానం, బాగుండకపోతే ఇవ్వను అంటావు. ఏ పక్కకు తిరిగినా నువ్వే గెలిచే ఆట ఇది. ఈ నెల అంకెలు కూడా పంపుతున్నాను. అవీ బాగానే ఉన్నాయి, క్షమించు.

చేపలు రెండూ ఉషారుగా ఉన్నాయి. ఈ మధ్య చిన్నదానికి ధైర్యం వచ్చినట్టుంది. రెండూ ముక్కులు ఢీకొట్టుకుంటూ తొట్టి అంతా తరుముకుంటున్నాయి. ఒకదానికొకటి తీసిపోవడం లేదు. చూడడానికి సంతోషంగా ఉంది.

మూసేరోజు దగ్గరకొస్తోంది. నా తొట్టి సిద్ధంగా ఉంది. జోకర్లను ఓనరు గారి టేబులు మీదకు మార్చడానికి చిన్న తొట్టి కూడా చూసి పెట్టాను. నువ్వు చెప్తానన్న మాట చెప్పు.

నీ అక్క కొడుకు

*

ప్రదర్శనశాల వెనక గది

ఒరే పిడుగూ,

ఇది చదివేముందు కూర్చో.

పోయిన నెల అంకెలు, ఈ నెల అంకెలు పక్కపక్కన పెట్టి చూశాను. ఉప్పు అదే, వేడి అదే. మండుటెండల నెలలోనూ అదే, మబ్బు పట్టిన నెలలోనూ అదే. ఇక్కడ చల్లబరిచే మిషన్లు పెట్టుకుని, ముగ్గురం కాపలా కాస్తేనే నాకు వారం వారం అంకె కదులుతుంది. మేడ మీది గదిలో కదలలేదు అంటే నువ్వు మా అందరికంటే గొప్పవాడివైనా అయ్యుండాలి, కొలవడం మానేసైనా ఉండాలి.

రెండోది. ఒకసారి కుదిరిన ఆడామగా జోకర్ల మధ్య చిన్నదానికి ఊరికే ధైర్యం రాదు. రెండూ సమానంగా కొట్టుకుంటున్నాయంటే పెత్తనం ఎవరిదో ఇంకా తేలలేదన్నమాట. అంటే అవి ఒకదానికొకటి కొత్త. అంటే అవి నువ్వు మొదట తెచ్చిన చేపలు కావు.

పాతవి ఏమయ్యాయి?

నేను తిట్టడానికి అడగడం లేదు. అవి ఎలా పోయాయో తెలిస్తే ఇప్పుడున్న రెండూ బతుకుతాయి. నువ్వు చెప్పకపోతే, నీ గదిలోకి ఏం పంపాలన్నా నాకు చేతులు రావు.

పిన్ని

*

అచ్చుకూటం, కింది గది, ఓనరు టేబులు మీద నుంచి

ప్రదర్శనశాల సంరక్షకురాలు గారికి,

తమరి దగ్గర నుంచి ఇంకా ఏ మాటా రాలేదు. అక్కర్లేదు. మీరు చెప్పవలసిన మాట నా చేతికి వేరే దారిలో వచ్చింది.

ఈ ఊరి పెద్ద హోటలు వాళ్ళ రంగుల కాగితం అచ్చుకు వచ్చింది. తప్పులు దిద్దే పని నాకిచ్చారు. మొదటి పేజీలో సముద్రపు గుర్రం బొమ్మ. దాని కింద, "వానాకాలం నుంచి మా లాబీలో సజీవ సముద్రపు గుర్రాలు! కాఫీ తాగుతూ తిలకించండి!" తిలకించండిట. ఆ కాగితంలో తప్పులన్నీ అలాగే వదిలేశాను. "సౌకర్యం" తప్పుగా ఉంది, ఉండనీ.

నేను ఊరుకునేవాడిని కాదని మీకు తెలుసు. హోటలుకు వెళ్ళాను. టై కట్టుకున్న మేనేజరు వచ్చాడు. నన్ను కాగితాలు తెచ్చిన కుర్రాడనుకుని తొట్టి చూపించాడు.

"ఇంకా గుర్రాలు రాలేదా?" అన్నాను.

"వస్తాయి. ఒకావిడ చూసుకుంటున్నారు. నెల నెలా వచ్చి నీళ్ళు కొలిచి పోతారు."

"ఎవరావిడ?"

"చేపల ప్రదర్శనశాల ఆవిడే. మహా అనుమానం మనిషండీ. మా గుడ్డతో అద్దం తుడవనివ్వరు. టీ ఇస్తే కప్పు వాసన చూసి పక్కన పెడతారు."

మీరే కదా? నెల నెలా నా ఊరు వచ్చారు. మూడు వీధుల అవతల నేనున్నాను. ఒక్కసారి నా మెట్లు ఎక్కలేదు. ఆ తొట్టిలో రాళ్ళ మీద, ఏళ్ళు నానితే గానీ పట్టని ఊదారంగు పొరలు చూశాను, అవి కొత్త రాళ్ళు కావు, మీ ప్రదర్శనశాల రాళ్ళు. డబ్బున్నవాడికి ఏళ్ళ నాటి రాళ్ళు వండి వడ్డించి, నాకు కుళ్ళిన రొయ్య పెట్టారు. నన్ను ఎండాకాలమంతా ఖాళీ నీళ్ళ ముందు కూర్చోబెట్టింది ఎందుకో ఇప్పుడు అర్థమైంది. అడ్డం రాకుండా ఉండడానికి.

మీ అంకెలు మీరే ఉంచుకోండి.

మీ ఉత్తరం ఏదో ఇప్పుడే పోస్టులో వచ్చింది. విప్పలేదు.

అచ్చుకూటం కూలీ

*

ప్రదర్శనశాల వెనక గది

పిడుగూ,

ఆ ఉత్తరం విప్పు.

హోటలు సంగతి నిజం. నేనే. రాళ్ళు కూడా ఇక్కడివే. నీకు చెప్పకుండా చేశాను, చెప్పకూడదనే చేశాను. నువ్వు ఏం ఊహించుకున్నావో అందులో సగం సరైనదే కాబట్టి మిగతా సగం నేను రాస్తాను.

మూసేరోజు నేను ఆగమంటే ఆగదు. ఆ రోజుకు గుర్రాల కోసం ఎక్కడో ఒకచోట పండిన నీళ్ళు, అంటే విషం పూర్తిగా తగ్గి కుదురుకున్న నీళ్ళు, ఉండాలి. నువ్వు సిద్ధమవుతావన్న నమ్మకం నాకు లేదు. హోటలువాళ్ళ మీద అసలే లేదు. అందుకని రెండు చోట్లా తొట్టి పెట్టించాను. వాళ్ళకు నేర్చుకోవాలని లేదు, అద్దం వెనక అందం కావాలి. అందుకని వాళ్ళ తొట్టిని నేనే పండించాను. నీకు నేర్చుకోవాలని ఉందన్నావు. నేర్చుకునేవాడికి నా రాళ్ళు ఇస్తే ఇంకేం నేర్చుకుంటాడు?

మెట్లు ఎందుకు ఎక్కలేదంటావా? ఎక్కితే నా చేతులు ఊరుకోవు. నీ తొట్టి నేనే సర్దేస్తాను. అప్పుడది నాదవుతుంది, గుర్రాలు చచ్చిపోయినా తప్పు నాదవుతుంది, నువ్వు ఏమీ తెలియకుండానే మిగిలిపోతావు. నీ అచ్చుకూటం ఎదురుగానే బస్సు ఆగుతుంది. కిటికీలో నీలం లైటు చూసి బస్సెక్కేదాన్ని. ఒకసారి నువ్వు కిందికి దిగివస్తుంటే స్తంభం చాటుకు పోయాను. ఈ వయసులో.

నా మీద కోపం పెట్టుకో, ఎన్నాళ్ళైనా పెట్టుకో. కానీ ఈ కాగితం పక్కన పెట్టగానే ఉప్పు కొలువు. అంకె ఏదైనా సరే, దిద్దకుండా రాయి.

పిన్ని

*

అచ్చుకూటం మేడ మీది గది

పిన్నీ,

కొలిచాను. ముల్లు గీతలు దాటి పోయింది. పైకి. పరికరం పాడైందనుకుని కడిగి మళ్ళీ కొలిచాను. మళ్ళీ అంతే.

రాస్తున్నాను, మధ్యలో ఆపితే మళ్ళీ రాయలేను.

మంచినీళ్ళు పొయ్యమన్నావు, ఉప్పు నీళ్ళు వద్దన్నావు. ఎందుకో చెప్పలేదు. ఎవరో గుర్రాలను అడుగుతున్నారని నాకు అప్పటికే అనుమానం. సముద్రపు చేపలకు మంచినీళ్ళేమిటి, ఇది నా తొట్టి పాడవడానికి చెప్పిన మాట అనుకున్నాను. నన్ను తప్పించడానికి ఇదొక పద్ధతి అనుకున్నాను. అందుకని నువ్వు చెప్పినదానికి సరిగ్గా ఎదురు చేశాను. తగ్గిన ప్రతిసారీ ఉప్పు నీళ్ళు కలిపి పోశాను. నిన్ను పట్టేసుకున్నానని లోలోపల మురిసిపోయాను కూడా.

కొలవడం రెండో నెలలో మానేశాను. మొదటి నెల అంకెలనే తిప్పి రాశాను.

ముందు పెద్దది తినడం మానేసింది. మొప్పలు కొట్టుకోవడం ఎక్కువైంది. ఒక పొద్దున అది ఇసుక మీద ఒరిగి ఉంది. చిన్నది దాని చుట్టూ తిరుగుతూ ఇంకా వణుకుతూనే ఉంది, లేచి తరుముతుందని కాబోలు. సాయంత్రానికి చిన్నదీ పోయింది. అవి పోయినందుకు ఏడవలేదు నేను, నీకు తెలిసిపోతుందని భయపడ్డాను. ఆ వారమే వెళ్ళి కొత్తవి రెండు తెచ్చాను. ఇప్పుడు ఏడుపు వస్తోంది.

అన్ని కరపత్రాలు చదివినవాడికి ఒక బకెట్టు నీళ్ళను అనుమానించడం వచ్చింది కానీ కొలవడం రాలేదు.

గుర్రాలను నాకు పంపకు. హోటలుకు కూడా పంపవద్దని అడగాలని ఉంది, కానీ అడిగే మొహం లేదు. ఈ రెండు జోకర్లను మాత్రం ఎలా బతికించాలో చెప్పు. ఒకదానికి మొప్పలు ఎగిరెగిరి పడుతున్నాయి.

నీ అక్క కొడుకు

*

ప్రదర్శనశాల వెనక గది, సగం ఖాళీ

ఒరే నాన్నా,

ముందు చేపలు. ఉప్పు ఒక్కసారిగా దించకు, అది పెరిగినదానికంటే పెద్ద దెబ్బ. రోజుకు ఒక చెంబు నీళ్ళు తీసి ఒక చెంబు మంచినీళ్ళు పొయ్యి. ముల్లు ఒక గీత దిగాక ఒక రోజు ఆగు, మళ్ళీ మొదలుపెట్టు. తొందరపడాలనిపించినప్పుడు కిందకు దిగి కట్టలు కట్టుకో.

ఇప్పుడు మన సంగతి.

నీ చేపలను నేను చంపమంటానని ఎలా అనుకున్నావురా? ఈ వాక్యం నాలుగు రోజులుగా రాయాలని చూస్తున్నాను. రాస్తుంటే కోపం రావడం లేదు. అలా అనుకునేటట్టుగానే ఉన్నాను నేను. హోటలు తలుపు చాటున తిరిగే మనిషిని, స్తంభం చాటున నిలబడే మనిషిని. తొట్టిలోంచి ఎండకు పోయేది నీరే, ఉప్పు ఆవిరైపోదు, అందుకని నీరే పొయ్యాలి. ఇంతే సంగతి. ఈ ఒక్క ముక్క రాయడానికి బద్ధకించాను. నాకు ఎవరూ కారణం చెప్పి నేర్పలేదు, నేనూ చెప్పలేదు. ఆ ఒక్క విషయంలో నీ కరపత్రాల పక్షం నేను.

గుర్రాలు హోటలుకే పోతాయి. ఆగు, చింపకు. ఈ రోజు ఆ జంటకు పనికొచ్చే నీళ్ళు మీ ఊళ్ళో అక్కడే ఉన్నాయి. నాకు ఇష్టం లేదు, అయినా అదే నిజం. కానీ నోటి ముందు తిండి పెట్టి నిలబడే మనిషి అక్కడ లేడు. మేనేజరును అడిగాను, "మా వెయిటర్లు వేస్తారండీ, కాఫీ ఇచ్చేటప్పుడు" అన్నాడు. 

అందుకని నీ పేరు చెప్పాను. పొద్దున పనికి పోయేముందు, మధ్యాహ్నం, సాయంత్రం. చేత్తో మేపాలి. నాకు వేరే ప్రదర్శనశాలలో పని దొరికింది, చాలా దూరం, గుర్రాలు ఆ ప్రయాణం తట్టుకోలేవు. నెలకు ఒక్కసారే రాగలను. ఇన్నాళ్ళూ వాటిని మేపిన చెయ్యి నాది. ఇంకో చేతి నుంచి తింటాయో తినవో నాకు తెలియదు. తినకపోతే రెండు వారాలు కూడా ఉండవు. అది నీకు తెలిసే ఒప్పుకోవాలి.

షరతు ఒకటి. లాబీలో కరపత్రాలు పంచకూడదు. నిన్ను బయటికి నెడితే గుర్రాలు పస్తులుంటాయి.

మేపినప్పుడల్లా రాయి. నువ్వు రాసింది నమ్ముతానని మాత్రం మాటివ్వలేను. ఇప్పుడప్పుడే కాదు.

పిన్ని

*

హోటలు లాబీ, కుండీ పక్కనున్న సోఫా మీద

పిన్నీ,

ఈ సోఫాలో కూర్చుంటే మనిషి సగం లోపలికి దిగిపోతాడు. లేవడానికి ఇంకొకడి సాయం కావాలి. ఇందుకే దీనికి అంత ధర. ఇది కరపత్రం కాదు, నీ షరతు తప్పలేదు. మేడ మీద జోకర్ల తొట్టిలో ముల్లు గీత గీతగా దిగుతోంది, రెండూ బతికే ఉన్నాయి.

నువ్వు గుర్రాలను వదిలి బస్సెక్కిన మొదటి రోజు ఏ పూటా తినలేదు. రెండూ తోకలు ఒకే కొమ్మకు చుట్టుకుని మొహం అటు తిప్పుకున్నాయి. నేను గొట్టంతో రొయ్యపిల్లలను నోటి ముందు వదిలితే అవి కిందికి రాలిపోయాయి. తినిపించినట్టు నీకు రాసేద్దామని ఒక్క క్షణం అనిపించింది. చెయ్యి అలవాటు పడి ఉంది. రాయలేదు.

రెండో రోజు పొద్దున కూడా అంతే. మేనేజరు వచ్చి, "ఏమయ్యా, జబ్బు చేశాయా? మా ప్రకటన అచ్చయిపోయిందే" అన్నాడు. ప్రకటన తినిపించమంటారా అని అడిగాను. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. లైటు తగ్గించమన్నాను. "లాబీ చీకటిగా ఉంటుందయ్యా" అన్నాడు. చీకట్లో కాఫీ తాగితే ఎవరూ చావరు అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను, అందరూ చూశారు. తగ్గించాడు. ఊరికే తగ్గించలేదు, తనే కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు, నేను ఏం చేస్తానో అని కాపలాకు.

ఈ మధ్యాహ్నం గొట్టాన్ని కదపకుండా పట్టుకుని నిలబడ్డాను. చెయ్యి నొప్పి పుట్టి, తిమ్మిరెక్కి, ఎవరిదో చెయ్యిలా అయిపోయింది. చివరికి పొట్ట ఉబ్బిన మగది, వీటిలో పిల్లలను మోసేది మగదే కదా, ఒక కన్ను ఇటు తిప్పింది. ఆ కన్నుతో నన్ను చూసింది, రొయ్యపిల్లను చూసింది, మళ్ళీ నన్ను చూసింది. అచ్చం నీ చూపే. తర్వాత అద్దం ఇవతలకు కూడా వినిపించేలా టిక్కుమన్నది. రొయ్యపిల్ల లేదు. కాసేపాగి ఆడది కూడా. టిక్కు.

ఇది నువ్వు నమ్మవు. నమ్మాలని అడగను. అందుకని పక్కనున్న మనిషి చేత కూడా రాయిస్తున్నాను. ఆయన పెన్ను ఆయనే తీసుకున్నాడు.

నీ అక్క కొడుకు

అమ్మా, ఆ హోటలు మేనేజరును. రెండూ తిన్నాయి, నేను కళ్ళారా చూశాను. మగది మూడు సార్లు, ఆడది రెండు సార్లు. ఈ అబ్బాయి నన్ను తిడుతూనే మేపాడు. సాయంత్రం మళ్ళీ వస్తాడట. లైటు తగ్గించే ఉంచుతాను.